పాత ఫోర్‌వీల్ బండికి డీజిల్ ఇంజన్: లెక్క చక్రం దగ్గర మొదలవ్వాలి

పాత ఆఫ్‌రోడ్ బండిలో అరిగిపోయిన పెట్రోల్ ఇంజన్ దింపి డీజిల్ ఇంజన్ ఎక్కించాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ఏ ఇంజన్ బాగుంటుంది? చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఎంత పేరున్న ఇంజనైనా సరే, అది తిరిగే వేగానికి యాక్సిల్ గేర్లు కుదరకపోతే, అది ఇచ్చే టార్కును గేర్‌బాక్స్ మోయలేకపోతే, దాని ఆయిల్ చాంబర్ వెళ్లి ముందు యాక్సిల్‌కు తగిలితే, ఆ బండి నడిచేది తక్కువ, స్టాండ్ల మీద నిలబడేది ఎక్కువ. అందుకే ఎంపిక చక్రం దగ్గర మొదలై ముందుకు రావాలి. టైరు సైజు, యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో), ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె), గేర్‌బాక్స్ తేలాక, వాటన్నిటితో కుదిరి ఉన్న జాగాలో పట్టేదే ఆ బండికి మంచి ఇంజన్.

డీజిల్ వల్ల దొరికేవేమిటో, దొరకనివేమిటో కూడా ముందే తేల్చుకోవాలి. తక్కువ వేగంలో నిలకడైన లాగుడు దొరుకుతుంది. అదే ట్యాంకుతో ఎక్కువ దూరం పోవచ్చు. స్పార్క్ ప్లగ్గులు, హైటెన్షన్ వైర్లు ఉండవు కాబట్టి వాగు దాటేటప్పుడు తడిసి ఆగిపోయే భయం తగ్గుతుంది. బదులుగా బరువు, చప్పుడు, వణుకు వస్తాయి. డీజిల్‌కు ఇంజన్ బ్రేకింగ్ బ్రహ్మాండంగా ఉంటుందన్న మాట మాత్రం సగమే నిజం. పెట్రోల్ ఇంజన్‌లో పెడల్ వదిలితే థ్రాటిల్ మూసుకుని, పిస్టన్లు శూన్యానికి ఎదురు లాగుతాయి. అదే బండిని ఆపుతుంది. పాత డీజిల్‌లో థ్రాటిల్ ఉండదు. లోపల నొక్కిన గాలి తిరిగి పిస్టన్‌ను నెట్టి, పట్టిన బలంలో ఎక్కువ భాగం వెనక్కి ఇచ్చేస్తుంది. దిగుడులో డీజిల్ బండి నిబ్బరంగా దిగుతోందంటే ఆ ఘనత చాలావరకు లో గేరుది, ఐడిల్ వేగాన్ని పట్టి ఉంచే గవర్నర్‌ది.

ఉన్న పెట్రోల్ ఇంజన్‌కు బోరు చేయించి కొత్త పిస్టన్లు వేస్తే పనైపోయే చోట డీజిల్ మార్పు మొదలుపెట్టడం దండగ. ఏడాదికి కొన్ని వందల కిలోమీటర్లే తిరిగే బండి ఇంధనం ఆదాతో మార్పు ఖర్చును ఎన్నటికీ తీర్చదు. రిజిస్ట్రేషన్, పొగ నిబంధనలు ఈ మార్పును ఒప్పుకుంటాయో లేదో తెలుసుకోవడం కూడా ఇంజన్ కొనకముందు పనే.

గేర్ల లెక్క

31 అంగుళాల టైరు బరువు మీద ఒక చుట్టు తిరిగితే సుమారు 2.4 మీటర్లు పోతుంది. గంటకు 90 కిలోమీటర్లంటే నిమిషానికి 1500 మీటర్లు. అంటే చక్రం నిమిషానికి 625 చుట్లు తిరగాలి. చాలా పాత పెట్రోల్ బండ్లలో ఉండే 4.88 యాక్సిల్, 1.00 టాప్ గేరు, 1.00 ట్రాన్స్‌ఫర్ కేస్‌తో లెక్కిస్తే ఇంజన్ 3050 ఆర్‌పీఎం తిరగాలి. పెట్రోల్ ఇంజన్‌కు అది మామూలు సంగతే. 2500 దగ్గరే గవర్నర్ ఇంధనం కోసేసే లారీ తరహా డీజిల్‌ను అదే బండిలో పెడితే, బండి 74 కిలోమీటర్ల దగ్గర అరుస్తూ ఆగిపోతుంది. అంతకుమించి ఒక్క అడుగు వేయదు.

దీనికి మూడు దారులు. మొదటిది యాక్సిల్ నిష్పత్తి మార్చడం. 3.54 క్రౌన్-పినియన్ (యాక్సిల్ లోపలి గేర్ల జత) వేస్తే అదే 90 వేగానికి 2210 ఆర్‌పీఎం సరిపోతుంది. కానీ రెండు యాక్సిళ్లలోనూ మార్చాలి. ఒకదాంట్లో మార్చి రెండోది వదిలేస్తే ఫోర్‌వీల్ వేసిన క్షణంలో ట్రాన్స్‌ఫర్ కేస్ పగులుతుంది. పైగా లో గేరు కూడా పలచబడుతుంది. మొదటి గేరు 4.0, ట్రాన్స్‌ఫర్ లో 2.5 అనుకుంటే, 4.88తో మొత్తం నిష్పత్తి 48.8. ఇంజన్ 750 ఐడిల్‌లో ఉంటే బండి గంటకు 2.2 కిలోమీటర్లు పాకుతుంది. 3.54తో నిష్పత్తి 35.4కు పడిపోయి, పాకుడు వేగం 3 కిలోమీటర్లు దాటుతుంది. రాళ్ల మీద ఆ తేడా బాగా తెలుస్తుంది. స్పీడోమీటర్ కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక నుంచి వస్తే అది కూడా తప్పు చెబుతుంది. అసలు 90 పోతుంటే 65 చూపిస్తుంది.

రెండో దారి ఓవర్‌డ్రైవ్ ఉన్న అయిదు గేర్ల బాక్స్. టొయోటా హెచ్55ఎఫ్ ఇందుకు మంచి ఉదాహరణ. మొదటి గేరు 4.84, అయిదోది 0.85 దరిదాపు. 4.88 యాక్సిల్‌ను కదపకుండానే 90 వేగానికి ఇంజన్ వేగం 2600 లోపుకు దిగుతుంది, కింది గేరు చెక్కుచెదరదు. లారీ తరహా ఇంజన్‌కు అదీ ఎక్కువే, 3500 వరకు తిరిగే డీజిల్‌కు మాత్రం హాయిగా సరిపోతుంది.

మూడోది ట్రాన్స్‌ఫర్ కేస్‌లో హై గేరును మాత్రమే మార్చడం. ఇది అన్ని బండ్లలోనూ కుదరదు కానీ, కుదిరిన చోట ఇంతకన్నా తెలివైన పని లేదు. లాండ్‌రోవర్ ఎల్‌టీ230 ట్రాన్స్‌ఫర్ బాక్స్‌లో డిఫెండర్‌కు 1.41, డిస్కవరీకి 1.22 హై నిష్పత్తులు వచ్చాయి. లో మాత్రం రెండింటిలోనూ 3.32. అంటే 1.41 బాక్స్ తీసి 1.22 బాక్స్ ఎక్కిస్తే రోడ్డు మీద ఇంజన్ వేగం 13 శాతానికి పైగా తగ్గుతుంది, పాకుడు గేరు పోదు.

ఈ లెక్క చేశాక ఇంజన్ల జాబితా దానంతటదే చిన్నదవుతుంది. యాక్సిల్ మార్చే ఉద్దేశం లేనివాళ్లు 4000 ఆర్‌పీఎం దాకా హాయిగా తిరిగే కారు తరహా డీజిల్‌నే చూడాలి. లారీ ఇంజన్ మీద మనసుపడితే గేర్ల ఖర్చును ఇంజన్ ఖర్చులోనే కలిపి చూసుకోవాలి.

కంపెనీ నడిచిన దారి

అదే బండికి ఏదో ఒక దేశంలో, ఏదో ఒక ఏడాదిలో కంపెనీయే డీజిల్ ఇంజన్ వేసి అమ్మి ఉంటే, మిగతా అన్ని ఆలోచనలకన్నా దాన్ని ముందు చూడాలి. మౌంటు బ్రాకెట్లు, బెల్‌హౌసింగ్ (ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే, క్లచ్‌ను కప్పే డొప్ప), రేడియేటర్, సైలెన్సర్ పైపు, వైరింగ్ అన్నీ ఇంజనీర్లు ఎప్పుడో తేల్చిపెట్టి ఉంటారు. టొయోటా 40 సిరీస్‌కు 1974 నుంచే బీ డీజిల్ ఇంజన్, తర్వాత 3బీ వచ్చాయి. స్పెయిన్‌లో తయారైన సుజుకి సామురాయ్‌కు ప్యూజో 1.9 డీజిల్ వేశారు. ఆస్ట్రేలియాలో లాండ్‌రోవర్ 110కు ఇసుజు 4బీడీ1 అనే 3.9 లీటర్ల ఇంజన్ వచ్చింది. అక్కడి సైన్యం వాడిన బండ్లలోనూ అదే ఉంది. పాత సిరీస్ లాండ్‌రోవర్లకు ఆ కంపెనీదే అయిన 200టీడీఐ టర్బో డీజిల్ ఇంజన్ అంతగా ఎందుకు ఎక్కిస్తారంటే, అది పాత గేర్‌బాక్స్ బెల్‌హౌసింగ్ బోల్టులకు చిన్నపాటి మార్పులతోనే కూర్చుంటుంది. ఇంజన్‌కు, గేర్‌బాక్స్‌కు మధ్య వేసే అడాప్టర్ ప్లేటు అక్కర్లేదు. ఒక మెలిక ఉంది. డిస్కవరీ నుంచి తీసిన 200టీడీఐలో టర్బో కిందికి ఉండి ఛాసిస్‌కు తగులుతుంది. డిఫెండర్ మానిఫోల్డు వేసుకోవడమో, టర్బో లేకుండా నడుపుకోవడమో చేయాలి. పైకి ఒకేలా కనిపించే రెండు ఇంజన్లలో ఏ బండిదో అడగకుండా కొంటే ఇలాంటివే ఎదురవుతాయి.

తరచూ వినిపించే పేర్లు

కమిన్స్ 4బీటీకి ఉన్నంత పేరు ఈ రంగంలో మరో ఇంజన్‌కు లేదు. 3.9 లీటర్లు, నాలుగు సిలిండర్లు, మామూలు వ్యాన్ రకంలో సుమారు 105 హార్స్‌పవర్, 360 న్యూటన్ మీటర్ల టార్కు. గేర్లతో నడిచే టైమింగ్ కాబట్టి బెల్టు తెగే భయం లేదు. ఇన్ని సుగుణాలున్నా, ఒక టన్ను బరువుండే చిన్న జీపు తరహా బండికి ఇది సరైన ఇంజన్ కాదు. ఆయిల్, స్టార్టర్, క్లచ్ కలపకముందే దాని బరువు సుమారు 340 కిలోలు. బ్యాలెన్స్ షాఫ్టులు లేవు. అద్దాలు, డ్యాష్‌బోర్డు స్క్రూలు, హెడ్‌లైట్ ఫిలమెంట్లు ఒక్కొక్కటే ఆ వణుకుకు లొంగిపోతాయి. పెద్ద ఛాసిస్, పెద్ద యాక్సిల్ ఉన్న బండికైతే వేరే సంగతి. దాని అన్న 5.9 లీటర్ల 6బీటీ అరటన్ను తూగుతుంది కాబట్టి పికప్ లారీ ఛాసిస్‌కు తప్ప దేనికీ ఆలోచించనక్కర్లేదు. ఈ రెండింటిలోనూ ముందు గేర్‌కేస్ లోపల ఉండే ఒక చిన్న డోవెల్ పిన్ను (రెండు భాగాలను సరైన వరుసలో పట్టి ఉంచే పిన్ను) వదులై టైమింగ్ గేర్ల మధ్య పడే అవకాశం ఉంది. ఇంజన్ బయట ఉన్నప్పుడే కవరు తీసి, ఆ పిన్ను వెనక్కి రాకుండా అడ్డంగా పట్టీ బిగించాలి. అది గంట పని. పిన్ను పడితే ఇంజన్ పనే అయిపోతుంది.

ఇసుజు 4బీడీ1టీ అదే పరిమాణం, అదే తరహా. గేర్ టైమింగ్, డైరెక్ట్ ఇంజెక్షన్. ఎక్కువ హంగు లేకుండా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. బరువు విషయంలో 4బీటీ మీద చెప్పిన మాటే దీనికీ వర్తిస్తుంది.

మెర్సిడెస్ ఓఎం617 టర్బో దీనికి పూర్తిగా ఎదురు స్వభావం. 3 లీటర్లు, అయిదు సిలిండర్లు, 120 హార్స్‌పవర్ దరిదాపు, 4000 పైకి కూడా సాఫీగా తిరుగుతుంది. కారు ఇంజన్ కాబట్టి పాత యాక్సిల్ నిష్పత్తితోనే సర్దుకుంటుంది. దాని వరుస పంపు (సిలిండర్‌కు ఒకటి చొప్పున చిన్న పిస్టన్లు వరుసగా ఉండే ఇంధనం పంపు) ఇంజన్ ఆయిల్‌తోనే తడుస్తుంది కాబట్టి పలచని ఇంధనాన్ని కూడా తట్టుకుంటుంది. లోపం ఏమిటంటే టర్బో లేచేదాకా లాగుడు నీరసం. బరువైన బండిలో, పొడుగు గేర్లతో, ఎత్తు మీద క్లచ్ వదిలేటప్పుడు అది స్పష్టంగా తెలుస్తుంది. దీనికి లో గేరు బలంగా ఉండాలి.

లాండ్‌రోవర్ 300టీడీఐ 2.5 లీటర్ల ఇంజన్, 111 హార్స్‌పవర్, 265 న్యూటన్ మీటర్లు. మధ్యరకం బండికి ఈ అంకెలు చక్కగా కుదురుతాయి. తొలి సంవత్సరాల ఇంజన్లలో పుల్లీల వరుస తేడా వల్ల టైమింగ్ బెల్టు అంచు చీలేది. సవరించిన పుల్లీల సెట్ వేసి ఉందో లేదో చూడకుండా స్టార్ట్ కూడా చేయకూడదు. టొయోటా 1హెచ్‌జెడ్ 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్. నెమ్మదిగా, మొండిగా పనిచేస్తుంది. దానికి బయటి టర్బో తగిలించి ఇంధనం పెంచితే ప్రీ-చాంబర్లు (హెడ్‌లో మంట మొదలయ్యే చిన్న గదులు) పగులుతాయి. టర్బో కావాలనుకుంటే అదే కుటుంబంలో టర్బోతోనే పుట్టిన 1హెచ్‌డీ-టీ వెతకాలి. తొలి తరం 1హెచ్‌డీ-టీ అయితే బిగ్‌ఎండ్ బేరింగులు విప్పి చూడకుండా ఎక్కించకూడదు. సామురాయ్ లాంటి తేలిక బండికి ఫోక్స్‌వాగన్ 1.9 టీడీఐ చాలు. 90 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్ల పైచిలుకు టార్కు ఇస్తుంది. అది ఆ బండి 1.3 లీటర్ల పెట్రోల్ ఇంజన్ ఇచ్చేదానికి దాదాపు రెట్టింపు. అంతకన్నా పెద్దదానికి ఆశపడితే గేర్‌బాక్సూ యాక్సిళ్లూ కలిపి మార్చుకోవాల్సిందే.

మెకానికల్ పంపా, కామన్ రైలా

మెకానికల్ పంపు ఉన్న ఇంజన్ నడవడానికి ఒక వైరు చాలు. బాష్ వీఈ రకం రోటరీ పంపులో స్టాప్ సోలినాయిడ్‌కు కరెంటు అందితే ఇంజన్ తిరుగుతుంది, తీస్తే ఆగుతుంది. వరుస పంపుల్లో కొన్నింటికి అదీ ఉండదు, కేబుల్‌తోనో వాక్యూమ్‌తోనో ఆపుతారు. అడవి మధ్యలో ఆగిపోతే వెతకాల్సినవి రెండే: ఇంధనం వస్తోందా, గాలి పట్టిందా.

కామన్ రైలు ఇంజన్ (అన్ని సిలిండర్లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి, కంప్యూటర్ అదుపులో ఇంధనం అందేది) నిశ్శబ్దంగా, పొగ లేకుండా, అదే పరిమాణంలో రెట్టింపు టార్కు ఇస్తుంది. కానీ దాంతోపాటు ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), పూర్తి వైరింగ్, యాక్సిలరేటర్ పెడల్, తాళంచెవి, ఇమ్మొబిలైజర్, చాలాసార్లు మీటర్ల పెట్టె కూడా అదే బండివి కావాలి. క్లచ్ స్విచ్, బ్రేక్ స్విచ్, వేగం సంకేతం అందకపోతే ఇంజన్ కుంటుతుంది. పొగ ఫిల్టర్ ఉన్న రకమైతే దాన్ని కాల్చి శుభ్రం చేసే పద్ధతి కొత్త బండిలోనూ పనిచేయాలి. నెమ్మదిగా పాకే బండిలో అది తేలిగ్గా జరగదు. ఈ బాధలు లేకుండా, విడిగా అమర్చుకోవడానికే కంపెనీ తయారుచేసిన ఇంజన్లు కొన్ని వచ్చాయి. కమిన్స్ ఆర్2.8 అలాంటిది: 161 హార్స్‌పవర్, సుమారు 420 న్యూటన్ మీటర్లు, వైరింగ్, పెడల్ కలిపి ఇచ్చేవారు. కొనే ఇంజన్ ఏదైనా, కామన్ రైలు అయితే విడి ఇంజన్ కాకుండా మొత్తం బండినే కొని, కత్తిరించకుండా వైరింగ్ దింపుకోవడం చౌక. వైరు రంగుల్ని బట్టి ఊహించుకుంటూ కలపడం మొదలుపెడితే నెలలు పోతాయి.

దూరప్రాంతాలకు, దొరికిన చోట డీజిల్ పోయించుకుంటూ తిరిగే బండికి మెకానికల్ పంపే మేలు. కామన్ రైలు పంపు, నాజిళ్లు నీటి చుక్కను, దుమ్మును క్షమించవు. రోజూ ఊళ్లో తిరిగే బండికి మాత్రం పాత పంపు చప్పుడు భరించడంలో అర్థం లేదు.

జాగా కొలతలు

ఇంజన్ గదిని టేపుతో కొలిచి, కాగితం మీద ఇంజన్ కొలత చూసి సరిపోతుందనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. బ్యాటరీ ఎక్కడన్నా పెట్టవచ్చు, రేడియేటర్‌ను కొంత ముందుకు జరపవచ్చు. కదలనివి మూడు: ముందు డిఫరెన్షియల్, స్టీరింగ్ కాలమ్, ఫైర్‌వాల్ (ఇంజన్ గదికి, సీట్లకు మధ్య గోడ).

ఆయిల్ చాంబర్ లోతు ముందువైపు ఉందో, వెనకవైపు ఉందో మొదట చూడాలి. ముందు యాక్సిల్ గట్టి బీమ్ రకమైతే, అది పైకి లేచి బంప్ రబ్బరును పూర్తిగా నొక్కినప్పుడు కూడా చాంబర్‌కు, డిఫ్‌కు మధ్య కనీసం రెండు వేళ్ల సందు ఉండాలి. కమాన్‌కట్టలు విప్పి, యాక్సిల్‌ను జాకీతో బంప్ రబ్బరు దాకా లేపి కొలిస్తేనే నిజం తెలుస్తుంది. బండిని మామూలుగా నిలబెట్టి కొలిస్తే మొదటి గుంతలో చాంబర్ పగులుతుంది. చాంబర్ కోసి లోతు మార్చాల్సి వస్తే ఆయిల్ పీల్చే పికప్ గొట్టం, లోపలి అడ్డుపలకలు కూడా మారాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఆయిల్ అంతా వెనక్కి పోతుంది. పికప్ ముందు ఉంటే సరిగ్గా ఎక్కువ బరువు లాగే సమయంలోనే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది.

ఎగ్జాస్ట్ ఏ పక్కన ఉందన్నది రెండోది. స్టీరింగ్ బాక్స్ ఉన్న పక్కే టర్బో కూడా వస్తే పైపు తిప్పడానికి జాగా ఉండదు, స్టీరింగ్ సీళ్లు, బ్రేక్ పైపులు ఉడికిపోతాయి. మూడోది పొడవు. ఇంజన్‌ను వెనక్కి జరిపితే గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ కూడా వెనక్కి పోతాయి. పొట్టి వీల్‌బేస్ బండిలో వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ మరీ పొట్టిదై, జాయింట్ల కోణం పెరిగి, కొద్ది దూరానికే కొట్టుకోవడం మొదలవుతుంది.

సామాన్లన్నీ ఊడదీసిన పనికిరాని ఖాళీ బ్లాకు ఒకటి దొరికితే, దాంతో ముందు కూర్చోబెట్టి చూడటం చాలా నయం. తేలికగా ఎత్తి దించవచ్చు, మౌంటు బ్రాకెట్లు దాని మీదే టాక్ వెల్డింగ్ చేసుకోవచ్చు.

మౌంటుల గురించి ఒక లెక్క. నాలుగు సిలిండర్ల ఇంజన్ 750 ఐడిల్‌లో సెకనుకు 25 సార్లు మండుతుంది. రబ్బరు మౌంటుల మీద ఇంజన్ సహజంగా ఊగే వేగం సెకనుకు 17 కన్నా తక్కువ ఉంటేనే వణుకు ఛాసిస్‌కు చేరకుండా తగ్గుతుంది. గట్టి పాలీయురేథేన్ మౌంటులు వేస్తే ఆ వేగం పెరిగి, ఐడిల్‌లోనే బండి మొత్తం గజగజలాడుతుంది. ఆఫ్‌రోడ్ కదా అని గట్టి మౌంటులు వేయడం డీజిల్ విషయంలో చెడ్డ సలహా. మెత్తని మౌంటులు వేసి, ఇంజన్ ఎక్కువ ఒరిగిపోకుండా ఒక టార్క్ రాడ్ పెట్టడం మేలు.

అడాప్టర్ ప్లేటు: మిల్లీమీటరులో పదో వంతు

ఇంజన్ మార్పుల్లో గేర్‌బాక్స్‌లు పాడయ్యే తీరు గమనిస్తే చాలాసార్లు టార్కు మీద నేరం మోపుతారు. అసలు దోషి చాలామార్లు వరుస తప్పిన ప్లేటే. క్రాంక్ మధ్యబిందువు, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ మధ్యబిందువు ఒకే గీత మీద ఉండాలి. బోల్టులు ఆ పని చేయవు, వాటి రంధ్రాల్లో ఆట ఉంటుంది. గీతను నిలబెట్టేవి డోవెల్ పిన్నులు. డోవెల్ లేని ప్లేటును కొనకూడదు.

పరీక్ష కష్టమేమీ కాదు. ఫ్లైవీల్‌కు డయల్ గేజ్ బిగించి, దాని మొన బెల్‌హౌసింగ్ వెనక పెద్ద రంధ్రం అంచు లోపలికి ఆనించాలి. క్రాంక్‌ను చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి గరిష్ఠ, కనిష్ఠ అంకెలు రాసుకోవాలి. ఆ తేడాలో సగం అసలు పక్కకు జరిగిన దూరం. మొత్తం తేడా 0.13 మిల్లీమీటర్లు దాటితే ఆఫ్‌సెట్ డోవెల్‌తో సరిచేయాలి. తర్వాత మొనను బెల్‌హౌసింగ్ వెనక ముఖానికి ఆనించి ఇంకోసారి. ముఖం వాలుగా ఉంటే, మధ్యబిందువు సరిగ్గా ఉన్నా షాఫ్ట్ వంకరగానే దిగుతుంది. సరిచేయకుండా బిగించేస్తే గేరు దానంతటదే ఊడిరావడం, ఇన్‌పుట్ బేరింగ్ అరవడం, క్లచ్ ప్లేటు మధ్య భాగం పగలడం వరుసగా జరుగుతాయి.

ప్లేటు మందం వల్ల గేర్‌బాక్స్ అంత దూరం వెనక్కి పోతుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ కొస స్పిగాట్ బేరింగ్‌లోకి (క్రాంక్ వెనక రంధ్రంలో ఆ కొసను పట్టే చిన్న బేరింగ్) పూర్తిగా చేరకపోతే పొడుగు బుష్ లేతు మీద చేయించాలి. దానికి ఎదురు పొరపాటు ఇంకా ప్రమాదం: షాఫ్ట్ పొడుగై క్రాంక్ అడుగుకు ఆనితే, బోల్టులు బిగించేకొద్దీ క్రాంక్‌ను ముందుకు నెడుతుంది. థ్రస్ట్ బేరింగ్ కొద్ది గంటల్లో పోతుంది. క్రాంక్ రంధ్రంలో కొంచెం మెత్తని మట్టి పెట్టి, ఒకసారి బిగించి విప్పి చూస్తే కనీసం 2-3 మిల్లీమీటర్ల మందం మట్టి మిగలాలి. బెల్‌హౌసింగ్ చివరి సెంటీమీటరు బోల్టులతో లాగితేనే దగ్గరికి వస్తోందంటే అక్కడే ఆగి కారణం వెతకాలి.

క్లచ్ ప్లేటు పళ్లు గేర్‌బాక్స్‌కు, ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్‌కు సరిపోవాలి. ఇక గేర్‌బాక్స్ ఎంత మోయగలదన్నది కొన్నిసార్లు పేరులోనే ఉంటుంది. లాండ్‌రోవర్ ఆర్380 పేరులోని 380 దాని న్యూటన్ మీటర్ల హద్దు. ఎల్‌టీ77లో 77 మాత్రం టార్కు కాదు, షాఫ్టుల మధ్య దూరం మిల్లీమీటర్లలో.

గాలి, వేడి, ఇంధనం

2.2 లీటర్ల పాత పెట్రోల్ ఇంజన్ 4000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి సుమారు 3300 లీటర్ల గాలి పీలుస్తుంది. 2.8 లీటర్ల టర్బో డీజిల్ 3000 దగ్గర, ఒక బార్ బూస్ట్‌తో (టర్బో అదనంగా నొక్కే గాలి ఒత్తిడితో), 7000 లీటర్ల పైనే తాగుతుంది. పాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా అలాగే ఉంచితే ఫిల్టర్ తొందరగా మూసుకుపోయి నల్లపొగ వస్తుంది. చాలామంది దాన్ని పంపు దోషం అనుకుని పంపు విప్పుతారు. ఎగ్జాస్ట్ పైపు కూడా అంతే. 3 లీటర్ల లోపు టర్బోకు రెండున్నర అంగుళాలు, పైన మూడు.

రేడియేటర్ ఫ్యాన్ చుట్టూ గాలిని రేడియేటర్ గుండానే లాగించే డబ్బా కట్టు లేకుండా డీజిల్ బండిని ఎత్తు ఎక్కించకూడదు. హెడర్ ట్యాంకు ఇంజన్‌లోని అన్నిటికన్నా ఎత్తైన నీటి గొట్టం కన్నా పైన ఉండాలి. లేకపోతే గాలి హెడ్‌లోనే ఉండిపోతుంది, మీటరు మామూలుగానే చూపిస్తుంటే హెడ్ వంకరపోతుంది. టర్బోకు ముందు ఎగ్జాస్ట్ వేడి చూపే మీటరు మాత్రం తప్పనిసరి. పాత అల్యూమినియం పిస్టన్లున్న ఇంజన్‌ను 700 డిగ్రీల పైన ఎక్కువసేపు లాగిస్తే పిస్టన్ తలలు కరుగుతాయి. పంపు ఇంధనం స్క్రూను తిప్పాలనే ఉబలాటం ఉంటే ఆ మీటరు బిగించాకే.

పెట్రోల్ ట్యాంకును కడిగి వాడుకోవచ్చు, జింకు పూత ఉన్నది మాత్రం వద్దు. జింకు డీజిల్‌ను పాడుచేసి, సబ్బులాంటి ముద్దగా మార్చి ఫిల్టర్‌ను మూసేస్తుంది. పంపు నుంచి తిరిగివచ్చే గొట్టం విడిగా ట్యాంకులోకే పోవాలి, దారి మధ్యలో కలపకూడదు. పీల్చే గొట్టంలో సన్నని చీలిక ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. తెల్లారి స్టార్ట్ కాకపోవడం, ఎత్తు మీద తడబడటం దాని గుర్తులు. పంపు ముందు ఒక జానెడు పారదర్శక గొట్టం తాత్కాలికంగా పెడితే బుడగలు కంటికి కనిపిస్తాయి. నీటిని వేరుచేసే గిన్నె ఉన్న మొదటి ఫిల్టర్, తర్వాత అసలు ఫిల్టర్. కామన్ రైలు అయితే రెండోది 5 మైక్రాన్లకన్నా సన్నదై ఉండాలి.

బ్రేక్ బూస్టర్‌ను మరిచిపోవడం ఆశ్చర్యంగా మామూలు విషయం. పెట్రోల్ ఇంజన్ మానిఫోల్డు ఇచ్చే శూన్యం డీజిల్‌లో ఉండదు. వాక్యూమ్ పంపు కావాలి, అది ఐడిల్‌లోనే 0.8 బార్ దరిదాపుకు లాగాలి. చాలా ఇంజన్లలో ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది కాబట్టి ఆల్టర్నేటర్ మార్చేవాళ్లు దాన్ని కూడా పోగొట్టుకుంటారు. లారీ ఇంజన్ అయితే స్టార్టర్, ఆల్టర్నేటర్, స్టాప్ సోలినాయిడ్, హీటర్ ప్లగ్గులు 24 వోల్టులవేమో చూసుకోవాలి.

ఆఫ్‌రోడ్‌లో బండి బాగా ఒరిగినా, పల్టీ కొట్టినా క్రాంక్‌కేస్ గాలి గొట్టం గుండా ఆయిల్ ఇన్‌టేక్‌లోకి పోతుంది. డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే మండించుకుని, తాళం తీసినా ఆగకుండా పేలేదాకా పరుగెడుతుంది. ఆ గొట్టాన్ని ఆయిల్ పట్టే డబ్బా గుండా పంపాలి, ఇన్‌టేక్‌లో కేబుల్‌తో మూసే తలుపు ఒకటి పెట్టాలి.

పాత ఇంజన్ కొనేటప్పుడు

రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను స్టార్ట్ చేయించి చూడాలి. కొనేవాళ్లు వచ్చేసరికే వేడిగా ఉన్న ఇంజన్ ఏదో దాస్తోంది. నడుస్తుండగా ఆయిల్ మూత తిప్పి ఊరికే పైన పెడితే అది కొద్దిగా కదలవచ్చు, ఎగిరిపడితే రింగులు పోయినట్టే. కంప్రెషన్ సిలిండర్ల మధ్య 3-4 బార్లకు మించి తేడా ఉండకూడదు. ఇంజన్‌తోపాటు మౌంటు బ్రాకెట్లు, ఫ్లైవీల్, స్టార్టర్, ఇంటర్‌కూలర్ గొట్టాలు, ఫిల్టర్ తల, హీటర్ ప్లగ్ రిలే, వాక్యూమ్ పంపు, యాక్సిలరేటర్ కేబుల్ కొస అన్నీ తీసుకోవాలి. తర్వాత విడిగా వెతికితే ఇవన్నీ కలిపి ఇంజన్‌తో సమానంగా ఖర్చుపెట్టిస్తాయి. బయట ఉన్నప్పుడే వెనక మెయిన్ సీల్, వెల్చ్ ప్లగ్గులు, నీటి పంపు, బెల్టు ఉంటే టెన్షనర్‌తో సహా బెల్టు మార్చేయాలి. ముందు యాక్సిల్ మీద బరువు ఎంత పెరిగిందో తూకం వేయించి, దాన్ని బట్టి ముందు కమాన్‌కట్టలకు పట్టీలు కలపాలి.

మొదటి 500 కిలోమీటర్లలో మూడుసార్లు బండి కిందికి దూరక తప్పదు: 50 దగ్గర, 200 దగ్గర, 500 దగ్గర. మౌంటు బోల్టులు, అడాప్టర్ బోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఫ్లాంజి బోల్టులు కీతో పట్టి చూడాలి. బెల్‌హౌసింగ్ కింది రంధ్రంలో నల్లని క్లచ్ పొడి ఎక్కువగా రాలితేనో, ఆయిల్ చెమ్మ కనిపిస్తేనో గేర్‌బాక్స్ దించి డయల్ గేజ్ మళ్లీ పట్టాలి.